ఇంట్లో కుక్క, పిల్లి ఉన్నవాళ్ళు టీకాలు, చెకప్‌ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరు కొత్తగా కుక్కపిల్లను తెచ్చుకున్నా వారం తిరక్కుండా మా తలుపు కొడతారు. పదమూడేళ్ళుగా మా ఇంట్లో కుక్కలు ఉన్నాయి, ఆరేళ్ళుగా పిల్లి కూడా ఉంది. మనుషులు మారుతున్నారు కానీ అడిగే సందేహాలు మాత్రం అవే. నేను డాక్టర్ని కాదు. పశువుల డాక్టర్లు ఏళ్ళ తరబడి ఓపిగ్గా చెప్పినవి, మా ఇంట్లో పడిన బాధల వల్ల తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## తెచ్చుకునే ముందు, తెచ్చిన వారం

నలభై రోజుల పిల్లను ఇస్తామంటున్నారు, తెచ్చేసుకోవచ్చా?

వద్దు. కనీసం 8 వారాలు నిండాలి. 8 వారాల లోపు కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలే చెబుతున్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ వయసులో పిల్ల తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. ముందే విడదీసిన పిల్లలు విరోచనాలతో, దిగులుతో మన ఇంటికొస్తాయి.

అమ్మినాయన "ఇంజెక్షన్లన్నీ అయిపోయాయి" అన్నాడు, నమ్మొచ్చా?

మాట కాదు, కార్డు చూడండి. టీకా వేసిన ప్రతిసారీ సీసా మీది చిన్న స్టిక్కర్‌ని పీకి కార్డులో అంటిస్తారు. టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అందులోనే ఉంటాయి. పక్కన వేసిన తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో టిక్కు మాత్రమే ఉంటే ఆ టీకా పడలేదనే అనుకోండి. అసలు 45 రోజుల పిల్లకు అన్నీ అయిపోవడం కుదరదు, ఎందుకంటే చివరి డోసు పడాల్సింది 16 వారాలు నిండాక.

మా కుక్కపిల్ల బంటి అలాంటి టిక్కుల కార్డుతోనే వచ్చింది. వచ్చిన పదకొండో రోజు పొద్దున బాత్రూంలో బకెట్ పక్కన చల్లటి నేల మీద పడుకుని లేవలేదు, పసుపు నురగ కక్కింది, సాయంత్రానికి రక్త విరోచనాలు. పార్వో, కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్ జబ్బు. ఆ వాసన ఒకసారి చూసినవాళ్ళు మర్చిపోరు. ఐదు రోజులు పొద్దున, సాయంత్రం సెలైన్ పెట్టించాం. ముందుకాలికి చుట్టిన తెల్లటి టేపు దాని కాలికన్నా లావుగా కనిపించేది. ఆరో రోజు నా వేలికి అంటిన పల్చటి మజ్జిగ నాకింది, మా అమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. మా బంటి బతికింది, కానీ అదే ఆసుపత్రిలో పక్క బల్ల మీదున్న పిల్ల బతకలేదు. అందుకే కార్డు విషయంలో ఇంత గట్టిగా చెబుతున్నాను.

తెచ్చిన రోజే టీకా వేయించేయొచ్చా?

పిల్ల హుషారుగా తిని ఆడుకుంటుంటే రెండు మూడు రోజులు ఇంటికి అలవాటు పడనిచ్చి తీసుకెళ్ళండి. వాంతులో విరోచనాలో ఉంటే మాత్రం అదే రోజు వెళ్ళాలి, అది టీకా కోసం కాదు, వైద్యం కోసం. జ్వరంతో ఉన్న పిల్లకు టీకా వేయరు. మొదటిసారి వెళ్ళేటప్పుడు కాస్త మలం చిన్న డబ్బాలో పట్టుకెళితే నట్టలు ఉన్నాయో లేదో అక్కడే మైక్రోస్కోప్ కింద చూసి చెప్పేస్తారు.

## మొదటి నాలుగు నెలలు

కుక్కపిల్లకు ఏ వయసులో ఏ టీకా? ఒక్కచోట చెప్పండి

6 నుంచి 8 వారాల మధ్య మొదటిది, దీన్ని చాలామంది డాక్టర్లు పప్పీ డీపీ అంటారు, డిస్టెంపర్ (ఊపిరితిత్తులను, నరాలను దెబ్బతీసే వైరస్ జబ్బు), పార్వో రెండింటికీ. అక్కడి నుంచి 3, 4 వారాలకోసారి ఒకే సూదిలో చాలా రోగాలకు పనిచేసే కాంబినేషన్ టీకా, చివరి డోసు 16 వారాలు నిండాక పడేలా. 3 నెలలు నిండాక యాంటీ రేబిస్, చాలామంది డాక్టర్లు మూడు నాలుగు వారాలకు ఇంకో డోసు కూడా వేస్తారు. ఏడాదికి మళ్ళీ బూస్టర్. కుక్కల హాస్టల్లో వదిలేవాళ్ళు, పార్కులో పది కుక్కలతో ఆడించేవాళ్ళు కెన్నెల్ కాఫ్ (కుక్క నుంచి కుక్కకు అంటే దగ్గు) టీకా గురించి కూడా అడగండి. డాక్టరును బట్టి తేదీలు ఒక వారం అటూ ఇటూ అవుతాయి, దానికి కంగారు పడక్కర్లేదు.

ఒకే టీకా మూడుసార్లు ఎందుకు? మొదటిది పనిచేయలేదా?

పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలలో తల్లి నుంచి వచ్చే రక్షణ పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. రోగాన్ని ఆపే ఆ రక్షణే టీకాను కూడా పనిచేయనివ్వదు. అది ఒక పిల్లలో 8 వారాలకే కరిగిపోతుంది, ఇంకో పిల్లలో 14 వారాల దాకా నిలుస్తుంది, బయటి నుంచి చూసి చెప్పలేం. అందుకే వరుసగా వేసుకుంటూ వెళతారు, వాటిలో ఏదో ఒకటి సరైన సమయంలో పడుతుంది. 16 వారాల తర్వాతి డోసు మానేస్తే ముందు వేయించినవన్నీ వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఎక్కువమంది మానేసేది కూడా దాన్నే, పిల్ల అప్పటికి బలంగా, అల్లరిగా కనిపిస్తుంది కాబట్టి.

సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్, టెన్ ఇన్ వన్ అంటున్నారు, ఏది మంచిది?

అంకె పెద్దదైనంత మాత్రాన మేలైనదని కాదు. డిస్టెంపర్, పార్వో, కాలేయానికి వచ్చే హెపటైటిస్, ఈ మూడు అన్నిటిలోనూ ఉంటాయి, ప్రాణాలు కాపాడేవి ముఖ్యంగా ఇవే. మీద పెరిగే అంకెలు చాలావరకు ఎలుక మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ (లెప్టో) జబ్బులోని రకాలు, కరోనా (ఇది కుక్కల పేగులకు వచ్చేది, మనుషుల కోవిడ్ కాదు). ఎలుకలు, నీళ్ళు నిలిచే వీధులు ఉన్నచోట లెప్టో రకాలు ఎక్కువ ఉన్నది తీసుకోవడం మంచిదే. ఈ కాంబినేషన్లలో చాలావాటిలో రేబిస్ ఉండదు, అది విడిగా వేయించాలి. "టెన్ ఇన్ వన్ వేయించాం, ఇంక రేబిస్ ఎందుకు" అని ఏటా ఒక్కరైనా అడుగుతారు.

టీకాలు పూర్తయ్యేదాకా బయటికి తీసుకెళ్ళకూడదా?

వీధిలో నేల మీద వదలొద్దు. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకొస్తుంది. అలాగని నాలుగు నెలలు గదిలో పెట్టేస్తే ఆ పిల్ల జీవితాంతం హారన్‌కీ, గొడుక్కీ, కొత్త మనిషికీ భయపడుతుంది. చంకలో ఎత్తుకుని తిప్పండి, బాల్కనీలో కూర్చోబెట్టి వీధి చూపించండి, టీకాలు పూర్తయిన తెలిసినవాళ్ళ కుక్కతో ఇంట్లో ఆడించండి. ఆసుపత్రిలో కూడా నేల మీద దించకుండా ఒళ్ళోనే ఉంచుకోండి, రోగమున్న కుక్కలన్నీ వచ్చేది అక్కడికే.

నట్టల మందు ఎన్నాళ్ళకోసారి?

పుట్టిన 2 వారాల నుంచి 8 వారాల దాకా రెండు వారాలకోసారి, ఆపైన 6 నెలల వయసు వరకు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. బరువును బట్టి మోతాదు ఉంటుంది కాబట్టి ఇచ్చే రోజున తూకం చూడండి, పోయినసారి రాసిన చీటీ పెరిగే పిల్లకు సరిపోదు. పొట్ట డోలులా ఉబ్బి, వీపు మీద ఎముకలు కనిపిస్తుంటే నట్టలు ఉన్నాయని చాలావరకు అనుకోవచ్చు. ఇంట్లో పాకే పిల్లలుంటే దీన్ని అసలు వాయిదా వేయొద్దు, కొన్ని రకాల గుడ్లు మట్టి ద్వారా పిల్లల కడుపులోకీ వెళతాయి.

గోమార్లు రాకుండా టీకా ఉందా?

మన దగ్గర లేదు. గోమార్లు, కొన్ని ఊళ్ళలో పిడుదులు అంటారు, ఇవి తాగే రక్తం కన్నా ఎక్కించే జ్వరం ప్రమాదం. టిక్ ఫీవర్ అని డాక్టర్లు చెప్పేది గోమార్లు ఎక్కించే ఎర్లిషియా, బబీసియా లాంటి క్రిముల వల్ల వచ్చే జ్వరాల గురించే. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం కాఫీ రంగులోకి మారడం, వీటిలో ఏది కనిపించినా రక్త పరీక్ష చేయించాలి. నెలకోసారి వేసే మాత్రో మెడ మీద పోసే మందో బరువును బట్టి డాక్టరు రాస్తారు. చెవి మడతల్లో, కాలివేళ్ళ సందుల్లో, తోక కింద రోజూ వేలితో తడిమి చూడండి. పశువులకు కొట్టే మందు కలిపి కుక్కకు పూయొద్దు. కుక్కల కోసం ఇచ్చే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం, దాన్ని పూసిన కుక్క పక్కన పిల్లిని పడుకోనివ్వకండి.

## టీకా వేయించే రోజు, ఆ తర్వాత

మెడికల్ షాపులో సీసా కొనుక్కుని ఇంట్లోనే వేసుకోవచ్చా? కాంపౌండర్ వస్తానన్నాడు

నేనైతే వద్దంటాను. టీకా తయారైన దగ్గర నుంచి ఒంట్లోకి వెళ్ళేదాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెల ఎండలో బండి డిక్కీలో అరగంట తిరిగిన సీసా చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ లోపలి మందు దెబ్బతిని ఉండొచ్చు. మీరు టీకా వేయించామన్న ధైర్యంతో ఉంటారు, కుక్కకు రక్షణ ఉండదు. పైగా అలర్జీ వస్తే నిమిషాల్లో ఇంజెక్షన్ ఇవ్వాల్సి ఉంటుంది. టీకాకు ముందు గుండె, జ్వరం చూసే మనిషి కూడా అక్కడ ఉండరు.

టీకా వేశాక నీరసంగా పడుకుంది, ఏమీ తినట్లేదు, టెన్షన్‌గా ఉంది

ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం, మగత, సూది వేసిన చోట చిన్న గడ్డ మామూలే. గడ్డను పిసకొద్దు, కాపడం పెట్టొద్దు, అదే కరుగుతుంది. మొహం, పెదవులు ఉబ్బడం, ఒళ్ళంతా దద్దుర్లు, ఆగని వాంతులు, తూలి పడిపోవడం, ఇవి మాత్రం అలర్జీ గుర్తులు. సాధారణంగా మొదటి గంటలోనే వస్తాయి, కాబట్టి సూది వేశాక అరగంట అక్కడే బెంచీ మీద కూర్చుని రండి. జ్వరం వచ్చింది కదా అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్ర వేయకండి. పిల్లికి ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి, కుక్కకూ అది కాలేయం మీద పడుతుంది.

స్నానం ఎప్పుడు చేయించొచ్చు?

రెండు మూడు రోజులు ఆగండి. నీళ్ళు పడితే టీకా పోతుందని కాదు, ఆ రోజుల్లో ఒంట్లో బాగుండదు, ఇబ్బంది పెట్టకూడదని.

తేదీ దాటి రెండు నెలలైంది, మొదటి నుంచి మొదలెట్టాలా?

వయసును బట్టి ఉంటుంది. మొదటి కోర్సులోనే ఉన్న పిల్లకు ఆరు వారాల కన్నా ఎక్కువ గ్యాప్ వస్తే డాక్టరు ఇంకో డోసు కలుపుతారు. కోర్సు, ఏడాది బూస్టర్ పూర్తయిన పెద్ద కుక్కకు రేబిస్, పార్వో, డిస్టెంపర్ విషయంలో ఒక్క డోసుతో సరిపోతుంది. లెప్టోకి మాత్రం బాగా ఆలస్యమైతే రెండు డోసులు మళ్ళీ వేయాలి, దాని రక్షణ త్వరగా తగ్గిపోతుంది. ఆలస్యం చేశామని మొహమాటపడి ఆసుపత్రికే వెళ్ళడం మానేసినవాళ్ళను చూశాను, ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు, వెళ్ళండి.

## ఏడాది నిండాక

ప్రతి ఏడాదీ అన్నీ వేయించాలా, లేక డబ్బు కోసం వేస్తున్నారా?

అడగాల్సిన ప్రశ్నే. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాల ప్రకారం చిన్నప్పటి కోర్సు సరిగ్గా పూర్తయిన కుక్కకు డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ టీకా మూడేళ్ళకోసారి కన్నా తరచుగా అక్కర్లేదు. లెప్టో ఏటా కావాలి. రేబిస్ మన దేశంలో ఏటా వేయిస్తారు, దీనిలో రాజీ పడొద్దు. ఆచరణలో మన దగ్గర చాలామంది డాక్టర్లు కాంబినేషన్ కూడా ఏటా వేస్తారు, వీధిలో టీకా లేని కుక్కలు ఎక్కువ, చిన్నప్పటి కోర్సు మీద నమ్మకం తక్కువ కాబట్టి. మీ కార్డు పక్కాగా ఉంటే మూడేళ్ళ పద్ధతి గురించి డాక్టరుతో నేరుగా మాట్లాడండి, మంచి డాక్టరు విసుక్కోరు.

మా కుక్క గడప దాటదు, రేబిస్ టీకా ఎందుకు?

గడప దాటని కుక్క ఒక్కరోజు తలుపు తెరిచి ఉంటే చాలు బయటికి పరుగెడుతుంది. పిల్లి, ముంగిస, కోతి గోడ దూకి లోపలికి వస్తాయి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక జంతువుకైనా మనిషికైనా బతికే ఆశ దాదాపు లేదు, టీకా ఒక్కటే దారి. ఈ టీకా మన పక్కనే తయారవుతోంది, చాలా ఆసుపత్రుల్లో కనిపించే రక్షారాబ్‌ను తయారుచేసే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ హైదరాబాద్‌దే. ఇంత దగ్గర దొరికేదాన్ని వేయించకపోవడం నాకు అర్థం కాదు.

రోగమేమీ లేకుండా చెకప్‌కి ఎందుకు వెళ్ళాలి? అక్కడ ఏం చూస్తారు?

బరువు, జ్వరం (కుక్కకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే, మన చేతికి వేడిగా తగిలితే జ్వరం అనుకోకండి), చిగుళ్ళ రంగు, పళ్ళ మీద గార, చెవులు, దవడ కింద గడ్డలు, గుండె చప్పుడు, పొట్ట తడమడం, చర్మం. పది నిమిషాల పని. మా రెండో కుక్కకు టీకా కోసం వెళ్ళినప్పుడు డాక్టరు పొట్ట తడుముతూ చెయ్యి ఆపేశారు, మళ్ళీ అక్కడే తడిమారు, ప్లీహం పెద్దదైందన్నారు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గి టిక్ ఫీవర్ బయటపడింది, ఆ పొద్దున కూడా అది గిన్నె ఖాళీ చేసి, తోక ఊపుకుంటూ బండెక్కింది. కుక్క నొప్పి చెప్పదు, దాచుకుంటుంది, పిల్లి ఇంకా ఎక్కువ దాచుకుంటుంది. ఏడాదికోసారైనా తెలిసిన చెయ్యి దాని ఒంటి మీద పడాలి.

వెళ్ళేటప్పుడు మీ సందేహాలు ఫోన్లో రాసుకోండి, దగ్గడమో కుంటడమో ఉంటే వీడియో తీసి పెట్టుకోండి, ఆసుపత్రి బల్ల ఎక్కగానే భయంతో కుంటి కుక్క కూడా నిటారుగా నిలబడుతుంది.

ఉచితంగా, తక్కువ ఖర్చుతో ఎక్కడ వేయిస్తారు?

జులై 6 జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల) దినోత్సవం, 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లాడికి రేబిస్ టీకా వేసిన రోజు. ఆ రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచిత యాంటీ రేబిస్ శిబిరాలు పెడతారు. పొద్దున్నే వెళ్ళండి, మెడకు గట్టి తాడు ఉండాలి, వరుసలో కుక్కల మధ్య దూరం ఉంచండి. మిగతా రోజుల్లో వెటర్నరీ కాలేజీల బోధనాసుపత్రులు మంచి దారి, ఆంధ్రలో గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, కానీ విద్యార్థులు నెత్తి నుంచి తోక దాకా ఓపిగ్గా చూస్తారు.

వరద నీళ్ళలో తిరిగిన కుక్కకు ఏమైనా వేయించాలా?

ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టో వస్తుంది, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, కుక్క నుంచి మనకూ రావచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చుట్టాల కుక్క రెండు రోజులు ఆ నీళ్ళలోనే ఉంది. దాన్ని ముందు శుభ్రంగా కడిగించి, పాదాల గాయాలు చూపించి, ఆగిపోయిన లెప్టో టీకా మళ్ళీ మొదలుపెట్టించాం. కళ్ళు పచ్చబడినా, మూత్రం తగ్గినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వానలు మొదలవక ముందే, మే నెలలో వేయించుకుంటే అన్నిటికన్నా మేలు.

## పిల్లులు, ఇతర పెంపుడు ప్రాణులు

పిల్లికి కూడా టీకాలు కావాలా?

కావాలి. 8 వారాల నుంచి మొదలుపెట్టి 3, 4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా ట్రైక్యాట్ రకం టీకా, ఇది పాన్‌ల్యుకోపీనియాకీ (పార్వో లాంటి పిల్లుల జబ్బు), జలుబు తెచ్చే హెర్పిస్, కాలిసి వైరస్‌లకీ. 3 నెలలకు రేబిస్, తర్వాత ఏటా. పిల్లి గోరు పడినా, పన్ను పడినా రేబిస్ భయం కుక్కతో సమానమే.

బుట్ట చూడగానే మంచం కిందికి దూరుతుంది, ఎలా తీసుకెళ్ళాలి?

ఆసుపత్రి రోజు మాత్రమే బుట్ట దించితే అలాగే అవుతుంది. రెండు వారాల ముందే తలుపు తెరిచి హాల్లో పెట్టండి, లోపల అది పడుకునే పాత చీర పరిచి, చేప ముక్క వేస్తూ ఉండండి. బయల్దేరాక మీద తువ్వాలు కప్పేయండి.

కుందేలు, చిలుక సంగతి?

కుందేలుకు మన దగ్గర మామూలుగా వేసే టీకా లేదు, ఏడాదికోసారి పళ్ళు, గోళ్ళు చూపిస్తే చాలు. రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పంజరంలో ఉంటే అటవీ శాఖకు అప్పగించండి.

## వయసు పైబడ్డాక

పదేళ్ళొచ్చాయి, ఇంకా టీకాలు, పరీక్షలు అవసరమా?

రేబిస్ టీకాకు వయసు పరిమితి లేదు. ఏడేళ్ళు దాటాక చెకప్ ఆర్నెల్లకోసారి చేయండి, రక్తం, మూత్రపిండాలు, కాలేయం, షుగరు చూపించండి. నీళ్ళు ఎక్కువ తాగుతోంది, రాత్రి ఇంట్లోనే మూత్రం పోస్తోంది అంటే వయసు మీద తోసేయకండి, చాలాసార్లు అది మూత్రపిండాలో షుగరో చెబుతున్న మాట. గుండె, కిడ్నీ మందులు వాడుతుంటే ఏ టీకా వేయాలో, ఏది ఆపాలో డాక్టరు చూసి చెబుతారు.

## కరిచినప్పుడు, ఊరు దాటేటప్పుడు

టీకా వేసిన మా కుక్కే పిల్లాణ్ణి గీరింది, ఆసుపత్రికి వెళ్ళాలా?

వెళ్ళాలి. అంతకన్నా ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, గడియారం చూసి మరీ. పసుపు, కారం, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు. కుక్క కార్డు ఫొటో డాక్టరుకు చూపించండి, ఎన్ని డోసులో ఆయన నిర్ణయిస్తారు. కుక్కను పది రోజులు గమనించండి, కానీ ఆ పది రోజులయ్యాక చూద్దాంలే అని మనిషి టీకా ఆపకండి. బొడ్డు చుట్టూ 14 సూదులన్న భయం ఇంకా పెద్దవాళ్ళలో ఉంది, ఆ పద్ధతి ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు.

వీధికుక్క మా కుక్కను కరిచింది, మా కుక్కకు టీకా ఉంది కదా?

ఉన్నా తీసుకెళ్ళండి. చేతులకు గ్లవ్స్ వేసుకుని గాయం కడగండి. టీకా సక్రమంగా ఉన్న కుక్కకు మన డాక్టర్లు సాధారణంగా కరిచిన రోజు, మూడో రోజు రెండు డోసులు వేస్తారు. టీకా లేకపోతే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు.

అమెరికా వెళుతున్నాం, కుక్కను తీసుకెళ్ళాలంటే?

ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), దాని తర్వాతే రేబిస్ టీకా, ఈ వరుస తప్పితే టీకా మళ్ళీ వేయించాల్సి వస్తుంది. 2024 ఆగస్టు నుంచి అమలైన నిబంధనల ప్రకారం కుక్కకు 6 నెలలు నిండాలి. మన దేశం వాళ్ళ లెక్కలో రేబిస్ ఎక్కువ ఉన్న దేశం కాబట్టి రక్తంలో రేబిస్ యాంటీబాడీల పరీక్ష కూడా ముందే చేయించుకోండి, లేకపోతే అక్కడ దిగాక క్వారంటైన్‌లో ఉంచుతారు. ఐరోపా దేశాలకైతే ఆ పరీక్షకు రక్తం ఇచ్చాక మూడు నెలలు ఆగాలి. కాబట్టి వీసా పని మొదలుపెట్టిన రోజే కుక్క పని కూడా మొదలుపెట్టండి. ప్రయాణానికి ముందు హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కార్యాలయం నుంచి సర్టిఫికెట్ తీసుకోవాలి, అక్కడ మొదట అడిగేది స్టిక్కర్లున్న ఆ కార్డే, ఒరిజినల్ చేతి సంచీలో పెట్టుకోండి.